చెవిన పడే భయం: రాంగోపాల్ వర్మ సస్పెన్స్ చిత్రాలు

తెలుగు సినిమాకు సస్పెన్స్‌ను కొత్తగా నేర్పిన దర్శకుడు పెన్మెత్స రాంగోపాల్ వర్మ 1962 ఏప్రిల్ 7న పుట్టారు. పెరిగింది హైదరాబాద్‌లో. తల్లి సూర్యావతి, తండ్రి కృష్ణంరాజు. తండ్రి అన్నపూర్ణ స్టూడియోలో సౌండ్ ఇంజినీరు. వర్మ గురించి రాసేవాళ్లు ఈ సంగతిని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోతుంటారు. ఆయన సినిమాలను వరసపెట్టి వింటే, చూడటం కాదు, వింటే, అది అంత తేలిగ్గా వదిలేయవలసిన విషయం కాదనిపిస్తుంది. తలుపు కిర్రుమనడం, మెట్ల మీద అడుగులు, ఎక్కడో కారుతున్న కుళాయి, ఉన్నట్టుండి ఆగిపోయిన గాలి హోరు: ప్రేక్షకుణ్ణి కుర్చీలో ముందుకు జరిపే పని ఆయన మంచి చిత్రాల్లో ముందుగా వీటిదే. ఆ తర్వాతే కెమెరాది.

శబ్ద విభాగానికీ దర్శకత్వానికీ ఉన్న చుట్టరికం తెలుగువారికి కొత్తదేమీ కాదు. రేపల్లె వైపు ఉన్న పెదపులివర్రులో 1930లో పుట్టిన కె. విశ్వనాథ్ మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ రికార్డిస్టుగానే సినిమా జీవితం మొదలుపెట్టారు. ఆయన ఆ చెవిని సంగీతం వైపు తిప్పారు. వర్మ భయం వైపు తిప్పారు. ఒకరికి నచ్చినది మరొకరికి నచ్చకపోవచ్చు గాని, ఇద్దరి చిత్రాల్లోనూ మౌనం ఎక్కడ పెట్టాలో తెలిసిన చేయి కనిపిస్తుంది.

1980లలో తెలుగు సినిమా శబ్దం ఎలా తయారయ్యేదో కొంచెం చెప్పుకోవాలి. అప్పుడు ఎక్కువగా వాడిన కెమెరాలు నడుస్తుంటే గడగడలాడేవి. ఆ చప్పుడులో నటుల మాటలను నేరుగా రికార్డు చేయడం అయ్యే పని కాదు. అందుకని మాటలన్నీ తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో చెప్పించేవారు. చిత్రీకరణ జరిగిన చోట ఉన్న సహజమైన చప్పుళ్లు, అంటే వీధి సందడి, ఆకుల గలగల, గదిలోని ఫ్యాను శబ్దం, ఇవన్నీ ఆ దారిలో పోయేవి. పోయినవాటిని మళ్లీ ఒక్కొక్కటిగా స్టూడియోలో పుట్టించాలి. ఖర్చు, సమయం కలిసిరాక చాలామంది ఆ ఖాళీని వాద్యగోష్ఠితో నింపేసేవారు. విలన్ వస్తే ట్రంపెట్లు, దెయ్యం వస్తే వయొలిన్లు. వర్మ వచ్చి ఆ ఖాళీని ఖాళీగానే వదలడం, లేదా ఒక్క చప్పుడుతో నింపడం మొదలుపెట్టారు. ఈ చిన్న మార్పు తెలుగు సస్పెన్స్ చిత్రాన్ని ఎంత మార్చిందో చూడాలంటే ముందు ఆయన చదువు, తిరుగుడు చూడాలి.

ఆయన చదివింది సినిమా కాదు, సివిల్ ఇంజినీరింగ్. విజయవాడ వి.ఆర్. సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలో. చదువుకన్నా సినిమా హాళ్లలో గడిపిన కాలమే ఎక్కువని ఆయనే పలుమార్లు చెప్పుకున్నారు. ఆ రోజుల్లో విజయవాడ కాలేజీల్లో విద్యార్థి వర్గాల కొట్లాటలు, వాటి వెనక ఊళ్లోని నాయకుల అండ, అన్నీ కళ్ల ముందే జరిగేవి. రౌడీయిజం అనేది పత్రికల్లో చదివే మాట కాదు, పక్క బెంచీలో కూర్చునే కుర్రవాడి పేరు. తర్వాత ఆయన తొలి చిత్రానికి కథ అక్కడి నుంచే దొరికింది.

చదువయ్యాక హైదరాబాద్‌లో కృష్ణా ఒబెరాయ్ హోటల్ నిర్మాణంలో సైట్ ఇంజినీరుగా చేశారు. ఉద్యోగానికి నైజీరియా వెళ్లే ఆలోచన కూడా ఒక దశలో ఉండేది. అది మానుకుని అమీర్‌పేటలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపు పెట్టారు. 1980లలో కోస్తా పల్లెల్లో పండగకో పెళ్లికో వీసీఆర్ అద్దెకు తెచ్చి, తెల్లవార్లూ మూడేసి సినిమాలు చూసినవారికి ఆ కాలం గుర్తుండే ఉంటుంది. ఆ క్యాసెట్లే వర్మకు బడి అయ్యాయి. హాల్లో సినిమా ఒకసారి నడిచిపోతుంది. క్యాసెట్‌ను ఆపి, వెనక్కి తిప్పి, ఒకే సన్నివేశాన్ని మళ్లీ మళ్లీ చూడవచ్చు. ఫలానాచోట ఉలిక్కిపడ్డామంటే ఎందుకు ఉలిక్కిపడ్డామో విప్పి చూసుకోవచ్చు. ఆయన మీద గట్టి ముద్ర వేసిన చిత్రాల్లో 1973 నాటి ‘ది ఎక్సార్సిస్ట్’ ఒకటి. ఆ చిత్రానికి దక్కిన ఆస్కార్లు రెండే: ఒకటి స్క్రీన్‌ప్లేకు, రెండోది శబ్దానికి.

ప్రపంచ సినిమాలో సస్పెన్స్‌కు పెద్దదిక్కు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. ఆయన చెప్పిన తేడా ప్రసిద్ధమే. బల్ల కింద ఉన్న బాంబు ప్రేక్షకుడికి తెలియకుండా పేలితే అది ఆశ్చర్యం. బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిసి, బల్ల దగ్గర కూర్చున్నవారికి తెలియకపోతే అది సస్పెన్స్. మొదటిదానిలో క్షణం పాటు అదురు, రెండోదానిలో నిమిషాల పాటు ఉత్కంఠ. హిచ్‌కాక్ కూడా శబ్దం మనిషే. 1929లో ‘బ్లాక్‌మెయిల్’తో బ్రిటన్‌లో టాకీ తీసినప్పుడు, పొరుగింటి మనిషి మాటల్లో ‘కత్తి’ అనే ఒక్క మాట తప్ప మిగతావన్నీ నాయిక చెవికి గొణుగుడుగా వినిపించేట్టు చేశారు. 1963లో ‘ది బర్డ్స్’లో మామూలు నేపథ్య సంగీతమే పెట్టలేదు. పక్షుల అరుపులు, వాటిని పోలిన ఎలక్ట్రానిక్ ధ్వనులు మాత్రమే.

దక్షిణాదిలో ఈ దారి తొక్కినవారిలో ముందు చెప్పుకోవలసినవారు ఎస్. బాలచందర్. 1954లో ఏవీఎం వారి ‘అంద నాళ్’ అనే తమిళ చిత్రాన్ని ఒక్క పాట కూడా లేకుండా తీశారు. ఆ పాటల్లేని సినిమా తీసిన మనిషి స్వయంగా గొప్ప వైణికుడు కావడం చిత్రమే. సంగీతం బాగా తెలిసినవారికే అది ఎక్కడ అక్కర్లేదో తెలుస్తుందేమో. తెలుగులో సస్పెన్స్ ముందు పుస్తకాల్లో పండింది. తెనాలి కొమ్మూరివారి కుటుంబానికి చెందిన కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ కోసం అద్దె పుస్తకాల షాపుల ముందు కుర్రకారు కాచుకునేవారు. తెర మీద 1967లో ‘అవేకళ్లు’ వచ్చింది. 1985లో వంశీ ‘అన్వేషణ’ వచ్చింది. అడవిలో వరస హత్యలు, అవి పులి పనో మనిషి పనో తెలియకపోవడం, పక్షుల కూతల మీద పరిశోధనకు వచ్చిన నాయిక, ఇళయరాజా సంగీతం, వీటితో ఆ చిత్రం ఈనాటికీ నిలిచింది. అయితే వంశీ దారి వేరు, ఆయన గోదావరి వైపు, హాస్యం వైపు వెళ్లిపోయారు. సస్పెన్స్‌నే పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చున్నది వర్మ.

వర్మ సహాయ దర్శకుడిగా పని చేసింది కొద్దికాలమే. 1987లో ‘కలెక్టర్ గారి అబ్బాయి’, తర్వాత ‘రావుగారిల్లు’. అన్నపూర్ణ స్టూడియోతో ఏర్పడిన పరిచయాలు నాగార్జున దాకా తీసుకెళ్లాయి. అక్కినేని వెంకట్, యార్లగడ్డ సురేంద్ర నిర్మాతలుగా ‘శివ’ తయారైంది. 1989 అక్టోబర్ 5న విడుదలయ్యేనాటికి దర్శకుడికి 27 ఏళ్లు.

‘శివ’ను అందరూ యాక్షన్ చిత్రంగా లెక్కవేస్తారు. దాని లోపలి కట్టుబడి మాత్రం సస్పెన్స్‌ది. కొట్టుకోవడం కన్నా కొట్టబోయే ముందు క్షణాలకు దర్శకుడు ఎక్కువ చోటిచ్చారు. కాలేజీ ఆవరణలో శివ సైకిల్ చైన్ లాగే సన్నివేశమే చూడండి. చైన్ తెగుతుందని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. అది తెగిన చప్పుడు విన్నాక ఇక వెనక్కి పోవడం లేదని హాల్లో అందరికీ అర్థమవుతుంది. అన్న కూతుర్ని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని శివ వెళ్తుంటే వెనక కారు తరమడం మరొకటి. పసిపిల్ల, సైకిల్, కారు. ఇంత సరళమైన లెక్కతో అంత దడ పుట్టించిన ఘట్టం అప్పటి తెలుగు తెర మీద అరుదు. స్టెడీక్యామ్ అనే పరికరాన్ని తెలుగులో గట్టిగా వాడుకున్న తొలి చిత్రాల్లో ఇదొకటి. కెమెరాను మనిషి ఒంటికి కట్టుకుని పరుగెత్తినా బొమ్మ అదరకుండా వచ్చే ఏర్పాటది. అమెరికాలో గ్యారెట్ బ్రౌన్ దాన్ని రూపొందించి 1970ల నడుమ సినిమాల్లోకి తెచ్చారు. ఎస్. గోపాలరెడ్డి ఛాయాగ్రహణంలో ఆ కెమెరా పాత్రల వెంట నడిచి, పక్కనుంచి ఎవరో చూస్తున్నారన్న భావం కలిగించింది. తనికెళ్ల భరణి రాసిన మాటలు పొడి పొడిగా, రోజువారీగా ఉన్నాయి. ప్రతినాయకుడు భవానిగా రఘువరన్ గొంతు పెంచడు. బిగ్గరగా అరిచే ప్రతినాయకులకు అలవాటుపడిన ప్రేక్షకులు ఆ మెల్లని గొంతుకు ఎక్కువ భయపడ్డారు.

1991లో ‘క్షణక్షణం’. వెంకటేశ్, శ్రీదేవి జంట, ప్రతినాయకుడు పరేశ్ రావల్, సంగీతం కీరవాణి, మాటలు సత్యానంద్. దోచిన బ్యాంకు డబ్బు ఆచూకీ అనుకోకుండా ఒక మామూలు ఉద్యోగిని చేతిలో పడుతుంది. ఆమెకు ఆ సంగతి తెలియదు. వెంటపడేవాళ్లకు తెలుసు. ప్రేక్షకుడికీ తెలుసు. హిచ్‌కాక్ బల్ల కింది బాంబు ఇక్కడ ఒక అమాయకురాలి చేతి సంచిలో ఉంది. వర్మ దీనికి హాస్యం కలిపారు. భయపడుతూ పరుగెత్తే మనిషి నవ్వు పుట్టిస్తుంది, నవ్వుతుండగానే తుపాకీ కనిపిస్తుంది. అడవిలో చీకటి రాత్రి భయపడే నాయికను నిద్రపుచ్చడానికి కథానాయకుడు పాడే జోల అందరికీ గుర్తే. పాట సస్పెన్స్‌కు అడ్డమని చెప్పే మాటకు అది మంచి జవాబు: అంతదాకా బిగిసిన నరం అక్కడ కొంచెం సడలితేనే మళ్లీ బిగించడానికి వీలవుతుంది. ఈ చిత్రానికి దర్శకుడిగా వర్మకు, నటిగా శ్రీదేవికి నంది పురస్కారాలు వచ్చాయి. వర్మ చిత్రాలన్నిట్లో కథనం ఇంత నున్నగా సాగినది మరొకటి లేదనేవారున్నారు. ఆ మాట కాదనడం కష్టం.

1992లో వచ్చిన ‘రాత్రి’ దగ్గర కాసేపు ఆగాలి. హిందీలో ఇదే ‘రాత్’. రేవతి ప్రధాన పాత్ర, ఓంపురి, అనంత్‌నాగ్, రోహిణీ హట్టంగడి తోడు. అంతదాకా తెలుగు తెరపై దెయ్యమంటే తెల్లచీర, విరబోసిన జుట్టు, పాడుబడ్డ బంగళా, పాట. వర్మ వాటన్నిటినీ పక్కన పెట్టేశారు. ఒక మామూలు మధ్యతరగతి కుటుంబం ఒక మామూలు ఇంట్లోకి అద్దెకు దిగుతుంది. కారు కింద పడి ఒక పిల్లి చస్తుంది. అక్కడి నుంచి కథ. పాటల్లేవు. దెయ్యం దాదాపుగా కనిపించదు. కెమెరాయే నేలకు దగ్గరగా, ఇంటి గోడల వెంట పాకుతూ దాని స్థానంలో నిలబడుతుంది. ఛాయాగ్రాహకుడు తేజ, తర్వాత దర్శకుడైనది ఈయనే. నేపథ్య సంగీతం మణిశర్మ, ఆయనకిదే ఆరంభం.

ఈ చిత్రంలో భయం పట్టపగలు కూడా ఉంటుంది. మనుషులుండవలసిన చోట మనుషులు లేకపోవడం అందులోని పద్ధతి. జనసంచారం ఉండవలసిన వీధి ఖాళీగా ఉంటుంది. నిండుగా ఉన్న సినిమా హాలు ఉన్నట్టుండి ఖాళీ అవుతుంది. హాల్లో కూర్చుని చూస్తున్నవాడికి తన పక్క కుర్చీ వైపు తల తిప్పాలనిపిస్తుంది, తిప్పడానికి జంకు. ఆ సమయంలో వాద్యాలు ఆగిపోయి, అడుగుల చప్పుడు మాత్రమే మిగులుతుంది. శబ్దశాస్త్రపరంగా దీనికి కారణం ఉంది. ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపించని చప్పుడును మనిషి మెదడు ముందు ప్రమాదంగానే లెక్కవేస్తుంది. చప్పుడుకు మూలం కళ్లకు కనబడగానే కంగారు తగ్గుతుంది. చూపించడాన్ని ఎంత వాయిదా వేస్తే ఉత్కంఠ అంత సాగుతుంది. వర్మ ఈ చిత్రంలో ఆ వాయిదాను చివరిదాకా లాగారు. విడుదలైనప్పుడు జనం పెద్దగా ఆదరించలేదు. తర్వాత టీవీలో, క్యాసెట్లలో చూసినవారే దీన్ని బతికించారు. దీని తర్వాత వచ్చిన దెయ్యం చిత్రాలు చాలా వాటిలో దీని అప్పు కనిపిస్తుంది, తీర్చినవారు తక్కువ.

ఆ తర్వాతి నాలుగేళ్లు త్వరగా దాటవచ్చు. ‘అంతం’, ‘గాయం’, ‘గోవిందా గోవిందా’ వచ్చాయి. మణిరత్నం ‘తిరుడా తిరుడా’ రచనలో పాలుపంచుకున్నారు. తానే నిర్మాతగా శివనాగేశ్వరరావు దర్శకత్వంలో ‘మనీ’, కృష్ణవంశీ దర్శకత్వంలో ‘గులాబి’ తీయించారు. 1995లో హిందీలో ‘రంగీలా’ పెద్ద విజయం సాధించి ఆయన్ను బొంబాయికి తీసుకెళ్లింది. అక్కడికి వెళ్లినా 1996లో ‘దెయ్యం’, 1997లో ‘అనగనగా ఒక రోజు’ తెలుగులోనే తీశారు. మొదటిది జయసుధ, మహేశ్వరి, జె.డి. చక్రవర్తి నటించిన భయానక చిత్రం. రెండోది ‘క్షణక్షణం’ వరసలోనిదే: ఇంట్లోంచి పారిపోయిన ప్రేమజంట, వాళ్ల చేతిలో పడిన ఒక క్యాసెట్, వెంట పోలీసులూ హంతకులూ. బ్రహ్మానందం చేసిన దొంగ పాత్ర దానికి ప్రాణం.

1998 జూలైలో వచ్చిన ‘సత్య’ ముంబై మాఫియా కథ. సస్పెన్స్ కోసం చూసేవారికి ఇందులో ఒక సన్నివేశం చాలు. సత్య తన ప్రేయసితో సినిమాకు వెళ్తాడు. పోలీసులకు సమాచారం అందుతుంది. తలుపులన్నీ మూసి, ఒక్క తలుపు మాత్రం తెరిచి, ప్రేక్షకులను ఒక్కొక్కరిగా బయటికి పంపుతుంటారు. సత్యను గుర్తుపట్టగలిగినవాడు తలుపు దగ్గరే నిలబడ్డాడు. పక్కనున్న అమ్మాయికి ఇదేమీ తెలియదు. వరస కదులుతూ ఉంటుంది. చివరికి సత్య కాల్పులు జరిపితే తొక్కిసలాట రేగుతుంది. బాంబు, బల్ల, తెలియని మనిషి, తెలిసిన ప్రేక్షకుడు, అంతా పాఠ్యపుస్తకంలో చెప్పినట్టే ఉంది. అయినా పాఠంలా అనిపించదు. ఈ చిత్రానికి సహాయ నటుడిగా మనోజ్ బాజ్‌పాయ్‌కి జాతీయ పురస్కారం వచ్చింది.

వర్మ సస్పెన్స్ పనితనానికి శిఖరం 1999లో వచ్చిన ‘కౌన్’. రచన అనురాగ్ కశ్యప్. సందీప్ చౌతా నేపథ్య సంగీతం. తెర మీద ముఖ్యంగా ముగ్గురే మనుషులు: ఊర్మిళా మాతోండ్కర్, మనోజ్ బాజ్‌పాయ్, సుశాంత్ సింగ్. చోటు ఒక్కటే, ఒక పెద్ద ఇల్లు. బయట హోరున వాన. ఇంట్లో ఒంటరిగా ఒక యువతి. నగరంలో హంతకుడు తిరుగుతున్నాడని టీవీలో వార్త. కాలింగ్ బెల్ మోగుతుంది. బయట నిలబడ్డవాడు ఫలానావారి ఇల్లు ఇదేనా అంటాడు. కాదంటే పోడు. చాలాసేపు ఇంతే కథ. తర్వాత మూడో మనిషి వస్తాడు. ఎవరు ఎవరిని నమ్మాలి అన్నది ప్రశ్న. చివర ఏమవుతుందో చెప్పడం చూడనివారికి అన్యాయం.

ఇందులో కాలింగ్ బెల్ ఒక పాత్రే. మొదటిసారి మోగినప్పుడు ఉలికిపాటు, మూడోసారి చిరాకు, మోగకుండా ఆగినప్పుడు అసలు భయం. నాయిక పాత్రకు పేరే లేదు. పేరు లేని మనిషిని ప్రేక్షకుడు ఏ గుర్తుతో పట్టుకోవాలి? ఊర్మిళ ఊపిరి తీసే తీరుతో, గొంతు వణుకుతో, వెనకనుంచి వానతో వర్మ ఆ పట్టు ఇచ్చారు. మనోజ్ బాజ్‌పాయ్ పాత్ర ఎడతెగని వాగుడుతో విసిగిస్తుంది. విసిగించేవాడు ప్రమాదకరమా కాదా అన్నది తేల్చుకోలేకపోవడంలోనే చిత్రమంతా నడుస్తుంది. నవ్వు వచ్చే చోట నవ్వాలో లేదో తెలియదు. తక్కువ ఖర్చుతో, పాటల్లేకుండా, ఒకే ఇంట్లో హిందీలో ఇలాంటి ప్రయత్నం చేయడానికి అప్పట్లో తెగువ కావాలి. వసూళ్లు మాత్రం అంతంతే.

2003లో ‘భూత్’ ఆ లోటు తీర్చింది. అజయ్ దేవగణ్, ఊర్మిళ భార్యాభర్తలుగా ముంబైలో ఎత్తైన భవనంలో ఒక ఫ్లాటులో చేరతారు. రేఖ, నానా పాటేకర్, తనూజ, సీమా బిస్వాస్ తోడు పాత్రల్లో. ‘రాత్రి’లో చేసినదే ఇక్కడ నగరానికి తగినట్టు మలిచారు. బంగళా లేదు, అడవి లేదు. లిఫ్టు, మెట్లు, బాల్కనీ, అద్దం ఉన్నాయి. అప్పటికి హాళ్లలో డీటీఎస్ శబ్దం వచ్చేసింది. ‘రాత్రి’ కాలంలో చప్పుడు తెర వెనకనుంచి మాత్రమే వచ్చేది. ఇప్పుడు పక్కనుంచీ వెనకనుంచీ కూడా వస్తుంది. ధ్వని రూపకల్పన ద్వారక్ వారియర్‌ది. సలీం-సులేమాన్ నేపథ్య సంగీతం ఇచ్చారు. చిత్రంలో పాటలు లేవు. ఊర్మిళకు విమర్శకుల విభాగంలో ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి పురస్కారం దక్కింది. ఇందులో పెద్ద శబ్దంతో అదరగొట్టే చోట్లు ‘రాత్రి’లో కంటే ఎక్కువ. విజయం తెచ్చినవీ అవే, తర్వాత ఆయన పనిని పలచన చేసినవీ అవే.

ఆ సంవత్సరాల్లో ఆయన ముంబై కార్యాలయాన్ని జనం ‘ఫ్యాక్టరీ’ అనేవారు. ఏడాదికి అరడజను చిత్రాలు తీయించేవారు. వాటిలో సస్పెన్స్ కోవకు చెందినవి చాలానే. ప్రవాళ్ రామన్ దర్శకత్వంలో ఆరు భయం కథలు కలిపిన ‘డర్నా మనా హై’, శ్రీరామ్ రాఘవన్ తొలి చిత్రం ‘ఏక్ హసీనా థీ’, ‘వాస్తు శాస్త్ర’, ఇవన్నీ ఆ కర్మాగారంలో తయారైనవే. తెలుగులో ముందు తన దగ్గర పని నేర్చుకున్న కృష్ణవంశీ, తేజ, పూరి జగన్నాథ్ అప్పటికే పేరు తెచ్చుకున్నారు. దర్శకుడిగా ఎంత ప్రభావం చూపారో, అవకాశాలిచ్చిన మనిషిగా కూడా వర్మ అంతే ప్రభావం చూపారు. కొందరి దృష్టిలో రెండోదే ఎక్కువ.

2007లో ‘షోలే’ను మళ్లీ తీసి ‘ఆగ్’ అని విడుదల చేస్తే ఘోరంగా దెబ్బతింది. అక్కడి నుంచి మెట్టు దిగడమే. 2008లో చేతబడి నేపథ్యంగా ‘ఫూంక్’ వచ్చింది. హాల్లో ఒంటరిగా కూర్చుని చూసినవారికి 5 లక్షల రూపాయలిస్తామని ప్రకటించి ప్రచారం చేశారు. ప్రకటన వల్ల వచ్చిన భయం సినిమాలో దొరకలేదు. ఇదే కథ తెలుగులో జగపతిబాబుతో ‘రక్ష’గా వచ్చింది. 2009 నాటి ‘అజ్ఞాత్’, తెలుగులో ‘అడవి’, ఒక ఆసక్తికరమైన వైఫల్యం. షూటింగుకు అడవికి వెళ్లిన సినిమా బృందాన్ని ఏదో ఒకటి ఒక్కొక్కరినీ చంపుతుంది. ఆ ఏదో ఏమిటో దర్శకుడు చివరిదాకా చూపించరు. చూపించకపోవడం ‘రాత్రి’లో బలమైంది, ఇక్కడ బలహీనమైంది. కారణం స్పష్టంగానే ఉంది. ‘రాత్రి’లో కనిపించనిదాని వెనక ఒక కథ ఉంది, దాని కోపానికి హేతువుంది. ‘అడవి’లో కనిపించనిదాని వెనక ఏమీ లేదు. ప్రేక్షకుడు చీకట్లోకి తొంగిచూడడానికి సిద్ధంగానే ఉంటాడు, కాని చీకటికి అడుగుండాలి.

శబ్దం విషయంలోనూ ఇదే జరిగింది. తొలి చిత్రాల్లో మౌనం ముందు, చప్పుడు తర్వాత. మలి చిత్రాల్లో ప్రతి రెండు నిమిషాలకూ స్పీకర్లు పగిలేలా మోత. చెవి త్వరగా అలవాటు పడే అవయవం. పదోసారి మోగిన మోతకు ఎవరూ ఉలిక్కిపడరు. కెమెరా కూడా అలాగే వింత మూలల్లోకి, టీ కప్పు కిందికీ కాళ్ల మధ్యకూ దూరడం మొదలుపెట్టింది. ఎవరి చూపు అది అన్న ప్రశ్నకు ‘రాత్రి’లో జవాబుంది. తర్వాతివాటిలో లేదు.

పరికరాల మీద ఆసక్తి మాత్రం తగ్గలేదు. 2011లో రవితేజతో ‘దొంగల ముఠా’ను స్టిల్ ఫొటోలు తీసే డిజిటల్ కెమెరాలతో, అతి చిన్న బృందంతో, అయిదు రోజుల్లో చిత్రీకరించారు. ఒక రిసార్టులో దంపతులు చిక్కుకోవడం కథ. పద్ధతి గురించి మాట్లాడుకున్నంతగా చిత్రం గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. 2014లో ‘ఐస్‌క్రీమ్’ను ఫ్లోక్యామ్ అనే కొత్త ఏర్పాటుతో ఒక ఇంట్లో తీశారు. ఒంటరి అమ్మాయి, ఇల్లు, భయం. ‘కౌన్’ తీసిన చేయే ఇదీ తీసిందంటే నమ్మబుద్ధి కాదు. ఇదే కాలంలో ‘రక్తచరిత్ర’, ‘కిల్లింగ్ వీరప్పన్’ లాంటి నిజజీవిత నేరకథలు తీశారు, వాటిలో కొన్నిచోట్ల పాత బిగువు కనిపిస్తుంది. 2019 నుంచి రాజకీయ చిత్రాల వైపు, వాటి చుట్టూ వివాదాల వైపు మళ్లారు. అవి ఈ వ్యాసానికి బయటివి. తన అభిప్రాయాలను ‘నా ఇష్టం’ అనే పుస్తకంగా తెచ్చారు. పేరుకు తగ్గ పుస్తకమే.

2025 నవంబరులో ‘శివ’ 4కె రూపంలో, డాల్బీ అట్మాస్ శబ్దంతో మళ్లీ హాళ్లకు వచ్చింది. బొమ్మను శుభ్రం చేయడం ఈమధ్య పాత చిత్రాలన్నిటికీ చేస్తున్నదే. మోనోలో ఉన్న పాత శబ్దాన్ని విడదీసి, హాలు నలుమూలలకూ పంచేలా తిరిగి కట్టడం మాత్రం పెద్ద పని. చైన్ చప్పుడు, సైకిల్ వెనక కారు హోరు వీడియో క్యాసెట్ల కాలం తర్వాత పుట్టిన ప్రేక్షకులకు కొత్తగా వినిపించాయి.

వర్మ నేర్పిన సస్పెన్స్ ఆయన చేతి నుంచి జారినా, ఆయన అవకాశమిచ్చినవారి చేతుల్లో పెరిగింది. శ్రీరామ్ రాఘవన్ ‘ఏక్ హసీనా థీ’ తర్వాత ‘జానీ గద్దార్’, ‘బద్లాపూర్’ తీసి, 2018లో ‘అంధాధున్’ తీశారు. గుడ్డివాడిగా నటించే పియానో కళాకారుడి కంట హత్యకు గురైన మనిషి శవం పడుతుంది. చూసినట్టు తెలియకూడదు కాబట్టి, శవాన్ని మాయం చేస్తున్నంతసేపూ అతను పియానో వాయిస్తూనే ఉండాలి. మాటల్లేవు, వాద్యం ఒక్కటే వినిపిస్తుంటుంది. దానికి ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. 2021లో మేర్లపాక గాంధీ దర్శకత్వంలో నితిన్, తమన్నాలతో అదే కథ ‘మాస్ట్రో’ పేరుతో తెలుగులోకి వచ్చింది.